ఐదు నిమిషాల మందు

"మీరేమిట్లండీ?" అని అడగడం ఇవాళ మర్యాద కాదు. అడిగినవాడి సంస్కారం ఏపాటిదో ఆ ప్రశ్నతోనే తెలిసిపోతుందని అనుకుంటాం. కాని ఈ ప్రశ్న అడగదగిన మనిషి ఒకరున్నారు. ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చే డాక్టరు ఆయన. దక్షిణాదిన చదువుకున్న మత్తు డాక్టర్లలో చాలామందికి ఒక సంగతి గట్టిగా గుర్తుంటుంది: రోగి ఆర్యవైశ్యులైతే స్కోలిన్ అనే మందు జోలికి పోకముందు ఒక్క క్షణం ఆగాలి.

కులం పేరు వైద్యశాస్త్రంలోకి ఎలా వచ్చింది? నేను వైద్యుణ్ణి కాను. కోయంబత్తూరులో ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పిన తెలుగు పంతుల్ని. చరిత్ర చెప్పేవాడికి శాసనం కనబడితే చదవకుండా ఉండబుద్ధి కాదు. ఇది మనిషి నెత్తుట్లో చెక్కిన శాసనం. దీన్ని చదివినవాళ్ళలో టొరాంటో వాళ్ళున్నారు, హైదరాబాదు వాళ్ళున్నారు, మా కోయంబత్తూరు వాళ్ళున్నారు. మన మాతృభాష మాట్లాడే జనం గురించిన ఈ సంగతి మన పత్రికలో రావాలనిపించి వ్రాస్తున్నాను.

ముందు మందు సంగతి చెప్పాలి. దక్షిణ అమెరికా అడవుల్లోని వేటగాళ్ళు బాణపు మొనకు క్యురారే అనే విషం పూసేవారు. బాణం తగిలిన జంతువు కండరాలన్నీ చచ్చుబడి, ఊపిరి ఆడక చనిపోయేది. ఈ విషం నరాన్నీ కాదు, కండరాన్నీ కాదు, నరం ఇచ్చే ఆజ్ఞ కండరానికి అందే దారిని దెబ్బతీస్తుందని 19వ శతాబ్దం నడుమ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్ కప్పల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్ నగరంలో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు వైద్యులు ఆ విషాన్నే శుద్ధి చేసిన రూపంలో ఆపరేషను బల్లమీద వాడారు. అంతకు ముందు పొట్ట కండరాలు వదులు కావాలంటే ప్రాణం మీదికి వచ్చేంత మత్తు ఇవ్వవలసి వచ్చేది. ఆ తర్వాత మత్తు మత్తే, కండరాల సడలింపు సడలింపే అయింది.

అయితే క్యురారే దిగడానికి చాలాసేపు పడుతుంది. రోగి గొంతులోకి ఊపిరి గొట్టం దించడానికి కావలసింది నిమిషంలో పనిచేసి, కాసేపట్లో దిగిపోయే మందు. నిజానికి అలాంటి మందు 1906 లోనే చేతికి చిక్కి జారిపోయింది. రీడ్ హంట్, తావో అనే ఇద్దరు అమెరికాలో సక్సినైల్ కోలిన్ అనే పదార్థాన్ని జంతువులకిచ్చి చూశారు. వాళ్ళ దృష్టి రక్తపు పోటు మీద ఉంది. ప్రయోగానికి వీలుగా జంతువులు కదలకుండా ముందే క్యురారే ఇచ్చి ఉంచారు. అప్పటికే చచ్చుబడిన కండరాలను ఈ కొత్త మందు కూడా చచ్చుబరుస్తుందని ఎలా తెలుస్తుంది? నిద్రపోయినవాడికి జోలపాడి, పాట పనిచేసిందో లేదో చూసినట్లయింది. మరి నలభై మూడేళ్ళకు, 1949లో, రోమ్ నగరంలో డేనియల్ బోవే బృందం దాని అసలు గుణం కనిపెట్టింది. బోవేకి 1957లో నోబెల్ బహుమతి వచ్చింది. 1951 నుంచి ఈ మందు ఐరోపా ఆసుపత్రులలో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో దాన్ని స్కోలిన్ అనే వ్యాపారనామంతోనే ఎక్కువమంది పిలుస్తారు.

ఈ మందు ఎందుకంత త్వరగా దిగిపోతుంది? నరం కండరానికి ఆజ్ఞ పంపేది ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం ద్వారా. స్కోలిన్ అంటే అలాంటి రెండు అణువులను వీపూ వీపూ ఆనించి కట్టినట్లు ఉంటుంది. కండరం మొదట దాన్ని ఆజ్ఞే అనుకుని ఒక్కసారి అదిరి, తర్వాత సడలిపోతుంది. కాని సూదితో ఎక్కించిన మందులో కండరం దాకా చేరేది కొద్దిపాలే. మన రక్తంలో లివరు తయారుచేసి వదిలే ఒక ఎంజైము ఉంది. దాన్ని ప్లాస్మా కోలినెస్టరేజ్ అనీ, శాస్త్రజ్ఞులు బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనీ అంటారు. అది దారిలోనే మందులో చాలాభాగాన్ని ముక్కలు చేసేస్తుంది. మిగిలినది కూడా కాసేపట్లో కరిగిపోతుంది. ఐదు నిమిషాలకు, మహా అయితే పదినిమిషాలకు రోగి తన ఊపిరి తాను తీసుకుంటాడు. అందుకే వైద్యులకు ఇది ముద్దు మందయింది.

మందు వాడుకలోకి వచ్చిన ఏడాదికే వింత కబుర్లు మొదలయ్యాయి. కొందరికి ఐదు నిమిషాలు కాదు, గంటలు గడిచినా ఊపిరి రావడం లేదు. మత్తు దిగిపోతుంది, కండరాలు మాత్రం కదలవు. ఆ స్థితి ఊహించండి. మనిషికి తెలివి వచ్చింది, చుట్టూ మాటలు వినిపిస్తున్నాయి, నొప్పి తెలుస్తున్నది. కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, అమ్మా అనలేడు. ఊపిరి మిషను పక్కన ఉంటే బతుకుతాడు. లేకపోతే అంతే. ఇలాంటివాళ్ళ రక్తం పరీక్షిస్తే ఆ ఎంజైము చాలా తక్కువగా కనబడింది. 1950ల మొదట్లో లండనులో ఈ కేసులను పోగుచేసినవారిలో హెర్మన్ లేమన్ ఒకడు. ఈయన మనకు కొత్తవాడు కాదు. నీలగిరుల గిరిజనులలో సికిల్ సెల్ లక్షణం ఉన్నదని 1952లో మేరీ కట్‌బుష్‌తో కలిసి లోకానికి చెప్పినవాడు ఈయనే. ఎంజైము తక్కువైనవారి అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ కూడా పరీక్షించి, ఇది ఇంటింట నడిచే లక్షణమని 1956లో ఆయన వ్రాశాడు.

ఈ ముడి అసలు విప్పినవాడు వెర్నర్ కాలో. 1917లో జర్మనీలో పుట్టి, వైద్యం చదివి, యుద్ధం తర్వాత అమెరికా మీదుగా కెనడా చేరి, టొరాంటో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. పరాయిదేశంలో పాతుకుపోయిన మనిషి అన్నమాట. ఆయన వేసుకున్న ప్రశ్న చిన్నది: ఆ ఎంజైము తక్కువగా ఉందా, లేక వేరుగా ఉందా? బస్తాలో బియ్యం తక్కువ కావడం వేరు, బియ్యమే వేరే రకం కావడం వేరు. డిబుకేన్ అనే మందు ఈ ఎంజైమును అణచివేస్తుంది. మామూలు మనుషుల ఎంజైము నూటికి 80 పాళ్ళు అణగుతుంది. స్కోలిన్ దిగనివారిలో చాలామంది ఎంజైము 20 పాళ్ళే అణిగింది. వాళ్ళ తల్లిదండ్రులలో, పిల్లలలో 60 దగ్గర ఆగింది. 1957లో కాలో తన సహచరులతో ప్రచురించిన వ్యాసాలు ఈ అంకెలే చెప్పాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు మారిన జన్యువులు వస్తే 20. ఒకటి మారినదీ ఒకటి మామూలుదీ అయితే 60. మెండెల్ బఠాణీ తోటలో చూసిన లెక్కే ఆపరేషను గదిలో కనబడింది.

ఒకే మందు ఇద్దరు మనుషుల మీద వేర్వేరుగా ఎందుకు పనిచేస్తుంది అన్న ప్రశ్న చుట్టూ ఒక కొత్త శాస్త్రం పుట్టింది. దానికి ఫార్మకోజెనెటిక్స్ అని 1959లో ఫోగెల్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు. ఆ పేరుతో 1962లో పుస్తకం వ్రాసినవాడు కాలో. అదే 1962లో లేమన్ బృందం మరో రకాన్ని బయటపెట్టింది. ఈ రకంలో ఎంజైము వేరుగా ఉండడం కాదు, అసలు పనిచేసేదే లేదు. దానికి "మూగ జన్యువు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఐరోపా జనంలో ఇది చాలా అరుదు. అలాస్కాలోని ఎస్కిమోలలో మాత్రం ఎక్కువగా ఉందని 1967లో తేలింది. మన కథకు కావలసినది ఈ మూగ జన్యువే.

కాలో పని ఎంజైముతో ఆగలేదు. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నుంచి డెన్‌బరో, లవెల్ అనే వైద్యులు ఒక ఉత్తరం అచ్చువేశారు. కాలు విరిగి వచ్చిన ఒక యువకుడు కాలి గురించి కాక మత్తు గురించే హడలిపోతున్నాడు. అతని బంధువుల్లో పదిమంది ఈథర్ మత్తుకే చనిపోయారట. వైద్యులు మరో మత్తు ఇస్తే అతని ఒళ్ళు కాలిపోయింది. మంచుతో చల్లార్చి బతికించారు. ఇది కండరంలో ఉండే లోపమని క్రమంగా తెలిసింది. 1970లో కాలో, బెవర్లీ బ్రిట్ మొదలైనవారు ఇలాంటి గండం గడిచి బతికినవారి కండరపు ముక్క తీసి, కెఫీన్‌లో ముంచితే అది మామూలు కండరం కంటే తేలికగా బిగుసుకుంటుందని చూపించారు. 1990లో దాని జన్యువు 19వ క్రోమోజోము మీద దొరికింది. కండరంలోని కాల్షియం తలుపును నడిపే జన్యువు అది. ఆ తలుపు మూసుకోక కండరం మండిపోతుంది. కొన్ని రకాల మత్తువాయువులూ స్కోలినూ ఆ తలుపు తెరిచే తాళంచెవులు.

మూడో సంగతి కూడా ఉంది. డుషెన్ అనే కండరక్షయం మగపిల్లలకు వస్తుంది. మూడు నాలుగేళ్ళ దాకా పిల్లవాడు కొంచెం మందకొడిగా నడుస్తాడే తప్ప జబ్బు బయటపడదు. అలాంటి పిల్లవాడికి తెలియక స్కోలిన్ ఇస్తే, అప్పటికే చిల్లులు పడిన కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వరదలాగా వచ్చి గుండె ఆగవచ్చు. ఇలాంటి మరణాలు చూసి 1990ల మొదట్లో అమెరికా ప్రభుత్వం పిల్లల విషయంలో ఈ మందు మీద గట్టి హెచ్చరిక అచ్చువేయించింది. అంటే ఒకే మందు మూడు వేర్వేరు జన్యువుల గుట్టు రట్టు చేసింది: రక్తంలోని ఎంజైముది ఒకటి, కాల్షియం తలుపుది ఒకటి, కండరపు గోడది ఒకటి. మొదటి దానికి తక్కిన రెంటికీ తేడా పాఠకులు గమనించాలి. మొదటిది కండరపు జబ్బు కాదు. ఆ మాటకొస్తే జబ్బే కాదు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

ఇక మన వైపు వద్దాం. 1979లో జర్మనీ నుంచి వెలువడే "హ్యూమన్ జెనెటిక్స్" పత్రికలో రావు, గోపాలం అనే ఇద్దరు పరిశోధకులు మూడు పేజీల వ్యాసం ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో ఈ మూగ జన్యువు ఎక్కువగా ఉందని దాని సారాంశం. మూడే పేజీలు, కాని ఆపరేషను గదుల్లో అప్పటిదాకా చెవిలో చెప్పుకునే మాటకు అచ్చులో ఆధారం దొరికింది. ఆ జన్యువులో ఏ అక్షరం మారిందో మాత్రం అప్పటికి చెప్పలేరు. 1987లో అమెరికాలో ఒక్సానా లాక్రిడ్జ్ బృందం ఈ ఎంజైము ప్రొటీను గొలుసులో 574 అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో చదివింది. జన్యువు మూడో క్రోమోజోము మీద ఉందని తెలిసింది. కాలో 1957లో అంకెలతో చెప్పిన రకం గొలుసులో 70వ చోట మార్పు వల్ల వచ్చిందని 1989లో తేలింది.

మన వైశ్యుల మార్పు దొరికింది మా ఊళ్ళో. కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయంలో ఆచార్య బూపతి, ఆయన శిష్యులు ఇక్కడి వైశ్య కుటుంబాల రక్తం పరీక్షించి, లాక్రిడ్జ్ మొదలైన విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి 2006లో ఫలితం ప్రచురించారు. గొలుసులో 307వ చోట ల్యూసిన్ ఉండవలసింది, ప్రొలీన్ ఉంది. ప్రొలీన్ గొలుసును వంచేస్తుంది. వంగిన ఎంజైము నిలవక నశిస్తుంది. వ్యాసం పేరులోనే భారతదేశపు వైశ్య సముదాయం అన్న మాట ఉంది. తెలుగు ఇంట్లో మాట్లాడుతూ తమిళ వీధిలో వ్యాపారం చేసుకునే కుటుంబాల నెత్తురు ఇలా శాస్త్ర చరిత్రలోకి ఎక్కింది.

మర్నాటి ఏడాది, 2007లో, అదే బృందం ఇంకో వ్యాసం ప్రచురించింది. నా దృష్టిలో మొదటిదానికంటే ఇదే గొప్పది. ఈ ఎంజైము ఒక్క చుక్క లేనివాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందని వాళ్ళు వెతికారు. ఎంజైము లేకపోవడం వల్ల వచ్చిన జబ్బు అంటూ ఏదీ కనబడలేదు. వాళ్ళు అందరిలాగే పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, దుకాణాలు నడిపారు. 1951కి ముందు పుట్టి, గిట్టినవాళ్ళెవరికీ తమలో ఈ తేడా ఉందని తెలిసే అవసరమే రాలేదు. ఎన్నో తరాలు ఇంటి అటక మీద పడి ఉన్న పాత పెట్టెలాంటిది ఇది. తాళం ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపాలో తయారై వచ్చింది.

ఆ పెట్టె అటక మీదికి ఎప్పుడు ఎక్కింది? దీనికి జవాబు వెతికినవారు హైదరాబాదు సి.సి.ఎం.బి. లోని లాల్జీసింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్. 2009లో "నేచర్" పత్రికలో వాళ్ళు ప్రచురించిన వ్యాసం భారతీయ జనసమూహాల పుట్టుపూర్వోత్తరాల మీద. అందులో వైశ్యుల ప్రస్తావన ఉంది. ఇవాళ లక్షల్లో ఉన్న ఈ జనం అప్పట్లో ఒక చిన్న గుంపు నుంచి పెరిగినవాళ్ళనీ, ఆ ఘట్టం రెండు మూడు వేల సంవత్సరాల కిందటిదనీ వాళ్ళ అంచనా. అప్పటి నుంచి బయటి సంబంధాలు దాదాపు లేకుండా లోలోపలే పెళ్ళిళ్ళు జరిగాయి. చిన్న గుంపులో ఎవరో ఒకరిద్దరికి ఈ మార్పు ఉండి ఉంటుంది. గుంపు పెరిగిన కొద్దీ అదీ పెరిగింది. 2017లో ఇదే పరిశోధకుల వరుసలో వచ్చిన మరో వ్యాసం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాలకు ఇలాంటి బిగువైన చరిత్ర ఉందనీ, పది లక్షలకు మించిన జనాభా ఉన్నవే వాటిలో 14 అనీ తేల్చింది. వైశ్యులలో ఈ ఎంజైము లోపం ఇతరులకంటే సుమారు నూరు రెట్లు ఎక్కువ అని అందులోనే ఉంది.

ఇక్కడ పెనుగొండ కథ గుర్తుకు రాక మానదు. వాసవీ కన్యక కోసం విష్ణువర్ధనుడు పట్టుబట్టాడనీ, 714 గోత్రాలవారిలో 102 గోత్రాలవారు మాత్రమే అమ్మవారితో పాటు అగ్నిప్రవేశానికి నిలిచారనీ, తక్కినవారు విడిపోయారనీ వైశ్యులు చెప్పుకుంటారు. పెద్ద సమూహం ఒక చిన్న గుంపుగా కుదించుకుపోయిందన్న జ్ఞాపకం ఈ కథలో ఉంది. అలాగని జన్యువు చెప్పే ఘట్టమూ పురాణం చెప్పే ఘట్టమూ ఒకటేనని నేను అనను. కాలాలు కలవవు. చరిత్ర పంతులు ఇలాంటిచోట నాలుక కొరుక్కోవాలి. అయితే తాము కొద్దిమంది నుంచి వచ్చినవాళ్ళమని ఒక జనం తరతరాలుగా చెప్పుకోవడం, నెత్తురు కూడా వేరే దారిలో అదే మాట చెప్పడం చూస్తే ఆశ్చర్యం కలగకమానదు.

మేనరికం వల్లనే ఇదంతా అని కొందరు అంటారు. ఆ మాట సగమే నిజం. మేనరికాల మీద మన దేశంలో మొదట శ్రద్ధగా పనిచేసినవారిలో పిఠాపురం బిడ్డ ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన గురువు జె.బి.ఎస్. హాల్డేన్ బ్రిటన్ వదిలి మన దేశానికి వచ్చి, చివరి రోజులు భువనేశ్వరంలో గడిపి 1964లో అక్కడే కన్నుమూశాడు. ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలెన్ని, వాటి ఫలితమేమిటి అన్నదాని మీద ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి 1963లో వ్యాసం ప్రచురించారు. మేనమామ కూతురును చేసుకుంటే ఒకే తాత జన్యువు రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. నిజమే. కాని వైశ్యుల విషయంలో మేనరికం లేకపోయినా, గుంటూరు అబ్బాయీ బళ్ళారి అమ్మాయీ ఏ చుట్టరికమూ లేకుండా పెళ్ళి చేసుకున్నా, ఇద్దరిలోనూ ఆ పాత గుంపు జన్యువే ఉండవచ్చు. గోత్రాలు వేరైనా సరే. గోత్రం తండ్రి దారినే నడుస్తుంది. జన్యువు తల్లి దారినా తండ్రి దారినా నడుస్తుంది. లెక్క ఇలా చూడండి. ఏ సమూహంలోనైనా నూరు జన్యువులలో పది మారినవి అనుకుంటే, రెండు వైపులా అదే వచ్చేవాళ్ళు నూటికి ఒక్కరు. నూరులో ఒకటే మారినది అయితే పదివేలకు ఒక్కరు. జన్యువు పదోవంతుకు తగ్గితే మనుషులు నూరోవంతుకు తగ్గుతారు. చిన్న తేడా అంత పెద్దదయ్యేది ఇలా.

ఇది ఒక్క తెలుగు కోమట్ల కథ అనుకోకూడదు. ఉత్తరాదిన అగర్వాల్ వ్యాపారులలో కాల్పైన్ అనే కండర ప్రొటీను జన్యువులో పూర్వుల నాటి మార్పులు రెండు ఉన్నాయని 2013లో ముంబయి వైద్యులూ అమెరికాలోని మాధురీ హెగ్డే బృందమూ కలిసి ప్రచురించారు. అక్కడ వచ్చేది నిజమైన కండరక్షయం. నడుమూ తొడలూ భుజాలూ క్రమంగా బలం కోల్పోతాయి. వాళ్ళతో పోలిస్తే మనవాళ్ళ సంగతి ఎంత తేలిక! ఒక మందు తప్పిస్తే చాలు.

కాని అంత తేలిక సంగతి కూడా ఎందుకు ప్రాణం మీదికి వస్తుంది? ఇది వలసపోయిన తెలుగువాళ్ళు ప్రత్యేకం ఆలోచించవలసిన ప్రశ్న. హైదరాబాదులోనో చెన్నైలోనో మత్తు డాక్టరుకు ఆర్యవైశ్య అన్న మాట వినగానే విషయం వెలుగుతుంది. నాగపూరులోనో సంబల్‌పూరులోనో ఆ మాట వెలగకపోవచ్చు. పైగా మన పేర్లు ఊరూరికీ మారాయి. తమిళనాట చెట్టియార్ అంటే నగరత్తార్లు కావచ్చు, మరొకరు కావచ్చు, కోమటి కావచ్చు. కన్నడనాట శెట్టి అంటే ముందుగా మంగళూరు వైపు బంట్లు తలపుకొస్తారు. మహారాష్ట్రలో తెలుగు ఇంటిపేర్లు "వార్" తగిలించుకుని మరాఠీ అయిపోయాయి. అలాంటి పేర్లున్నవాళ్ళలో కోమట్లూ ఉన్నారు, సాలెలూ ఉన్నారు. ఒడిశాలో కోమటి కుముటి అయ్యాడు. గుప్త అంటే ఎక్కడివాడైనా ఉత్తరాది బనియా అనుకుంటారు. ఇంటిపేరు మారింది, వీధి భాష మారింది, మూడో తరానికి ఇంటి భాషా మారుతున్నది. మారనిది 307వ చోట ఉన్న ప్రొలీన్ ఒక్కటే. పేరు పట్టుకుని వెళ్తే వైద్యుడు రెండు విధాల పొరబడవచ్చు: ఉన్నవాణ్ణి లేదనుకుని, లేనివాణ్ణి ఉందనుకుని. కులం పేరు ఒక గుర్తు మాత్రమే. వైశ్యులలో అందరికీ ఇది లేదు, లేనివారే చాలా ఎక్కువ. ఇతర కులాలవారిలోనూ అక్కడక్కడ ఉంటుంది. నమ్మదగినది రక్తపరీక్ష.

ఇంకో అడ్డు మనలోనే ఉంది. ఈ వ్యాసం వ్రాస్తున్నానని తెలిసి మా వీధి పెద్దాయన ఒకరు, "మాస్టారూ, పత్రికలో పెట్టకండి. ఆడపిల్లలున్న ఇళ్ళు. రేపు సంబంధాలప్పుడు ఇదొక వంక అవుతుంది" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది, తేలిగ్గా కొట్టిపారేయలేదు. జన్యువు అన్న మాట వింటేనే జబ్బు అనుకునే లోకం ఇది. కాని దాచినందువల్ల పెళ్ళికి మేలు జరుగుతుందేమో గాని, కాన్పు నాటికి అదే పిల్లకు కీడు జరగవచ్చు. బిడ్డ అడ్డం తిరిగి అర్ధరాత్రి ఆపరేషను అంటే డాక్టరుకు నిమిషాల మీద పని. ఇలాంటప్పుడే చేయి స్కోలిన్ వైపు పోతుంది. ఆ ఇంటివాళ్ళలో ఒక్కరికైనా సంగతి తెలిసి నోరు తెరిస్తే, రోకురోనియం అనే వేరే మందు వాడతారు. ఆ రోకురోనియాన్ని వెంటనే దింపివేసే సుగమాడెక్స్ అనే విరుగుడు మందు కూడా 2008 నుంచి లోకంలో ఉంది. ఒకవేళ తెలియక స్కోలిన్ ఇచ్చినా భయపడి చేతులెత్తేయవలసినది లేదు. ఊపిరి మిషను మీద ఉంచి, రోగికి తెలివి రాకుండా మత్తు కొనసాగిస్తూ ఓపిక పడితే మందు నెమ్మదిగా తనంతట తాను దిగుతుంది. మనిషి మామూలుగా లేచి కూర్చుంటాడు. ప్రాణం తీసేది జన్యువు కాదు, సమాచారం లేకపోవడం.

చేయవలసింది కొంచెమే. ఇంట్లో ఎవరికైనా ఆపరేషను తర్వాత ఊపిరి రావడానికి గంటలు పట్టిందని పెద్దవాళ్ళు చెప్పుకుంటే దాన్ని దేవుడి దయ అని వదిలేయకండి. ప్లాస్మా కోలినెస్టరేజ్ పరీక్ష పెద్ద ఊళ్ళలో చేస్తారు. పురుగుమందు తాగినవాళ్ళకు చేసేది ఆ పరీక్షే. లివరు జబ్బులోనూ గర్భిణులలోనూ అంకె తగ్గవచ్చు కాబట్టి చదివి చెప్పడం వైద్యుడి పని. ఒకరిలో ఎంజైము లేదని తేలితే తోడబుట్టినవాళ్ళలో ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కాబట్టి వాళ్ళూ చూపించుకోవాలి. ఉన్నదని తేలినవాళ్ళు స్కోలిన్, మివాకురియం ఈ రెండు మందులు తమకు పడవని ఒక చీటీ పర్సులో ఉంచుకోవాలి. చీటీ తెలుగులో కాదు సుమా. ఎంత భాషాభిమానం ఉన్నా ఆ చీటీ ఇంగ్లీషులోనూ, మీరున్న రాష్ట్రపు భాషలోనూ ఉండాలి. చదవవలసినవాడు మన పత్రిక పాఠకుడు కాడు.

వెర్నర్ కాలో 2008లో కన్నుమూశాడు. ఆయన 1957లో పట్టుకున్న తీగ అప్పటికి పెనుగొండ కథ చెప్పుకునే ఇళ్ళదాకా పాకింది. మనుషులందరికీ ఒకే కొలత మందు సరిపోదనీ, తేడా ఉండడం తక్కువ కావడం కాదనీ ఆయన వ్యాసాలు నేర్పినది. వాటిని చదివి నేను తెలుసుకున్నది ఇంకొకటి. మా పెద్దాయనతో చివరికి అదే అన్నాను: "బాబాయి గారూ, ఇది వంశానికి మచ్చ కాదు. మీ వంశం ఎంత పాతదో చెప్పే సాక్ష్యం. కాకపోతే దాన్ని డాక్టరు చెవిన వేయాలి." ఆయన కాసేపు ఊరుకుని, పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగారు.